ఊరుమ్మడి కట్టడములు – వాస్తువిద్యార్థుల చేయూత

(చోడవరమున గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమందు చేసిన ప్రసంగ పాఠము)



చెఱకు తోటల నడుమ, స్వయంభూ విఘ్నేశ్వరుని సన్నిధిని వెలసిన ఈ చోడవరమున మిమ్ములను కలిసికొను అవకాశము లభించినందులకు మేము మిక్కిలి సంతోషించుచున్నాము. చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో భాగముగా ఉండి, 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ ప్రాంతమునకు ఉమ్మడి కృషి క్రొత్తది కాదు. రైతులు వాటాదారులుగా చేరి గోవాడలో సహకార చక్కెర కర్మాగారమును నెలకొల్పుకొన్న సీమ ఇది. పదిమంది కూడి పని చేయుట యెట్లో మీకు మేము చెప్పనక్కఱలేదు. ఆ పదిమంది కూర్చుండు కట్టడము ఎట్లుండవలయునన్న సంగతిని మాత్రము నేడు మీతో ముచ్చటింప దలచినాము.

ఉద్యోగధర్మముగా మేము గ్రామములు తిరుగుచుందుము. ఒక గ్రామమున సామాజిక భవనము ప్రక్కనే రావిచెట్టు, దాని క్రింద రచ్చబండ ఉన్నవి. మేము పోయిన దినమున భవనమునకు తాళము వేసి ఉన్నది. జనమంతయు చెట్టు క్రిందనే ఉన్నారు. ఇంత మంచి భవనముండగా ఇచట కూర్చుంటిరేమని ఒక వృద్ధుని అడిగితిమి. “అది సర్కారుది బాబూ, చెట్టు మాది” అని ఆయన బదులు చెప్పెను.

ఆ మాట మమ్ములను చాల దినములు వెంటాడినది. తాళము తీయించి లోపల చూచితిమి. వాకిలి పడమటి వైపు పెట్టినారు. మధ్యాహ్నము రెండు గంటలకే ఎండ నట్టింటి వరకు వచ్చుచున్నది. కిటికీలు రెండే ఉన్నవి, రెండును ఒకే గోడకు ఉన్నవి. ఎక్కుటకు ఐదు మెట్లున్నవి గాని పట్టుకొనుటకు కమ్మీ లేదు. ముందు అరుగు లేదు, చూరు లేదు. వాన వచ్చినచో నిలువ నీడ లేదు. స్త్రీలకు మరుగుదొడ్డి లేదు. ఆ గ్రామస్థులు కృతఘ్నులు కారు. కట్టుటకు ముందు వారిని ఎవరును ఏమియు అడుగలేదు, అంతియే. సొమ్ము ప్రజలది, స్థలము ప్రజలది. కట్టడము మాత్రము ప్రజలది కాకపోయెను.

ఇట్టి పొరపాటు తిరిగి జరుగకుండుటకు ఒక చేయూత మీకు చేరువలోనే కలదు. అదియే వాస్తువిద్యార్థుల చేయూత. వాస్తు అనగానే ఈశాన్యము, ఆగ్నేయము అని మీరు తలపవచ్చును. మేము చెప్పునది ఆర్కిటెక్చర్ విద్యను గూర్చి. ఇది ఐదు సంవత్సరముల పట్టపు చదువు. ఆర్కిటెక్టులమని చెప్పుకొని వృత్తి సాగించుటకు 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టము క్రింద నమోదు కావలయును. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమందు ఈ విద్య గరపుచున్నారు. విజయవాడలో కేంద్ర ప్రభుత్వపు ప్రణాళికా వాస్తుశిల్ప విద్యాలయము 2008లో ఏర్పడినది. ఈ విద్యార్థులు చదువులో భాగముగా బడి, ఆసుపత్రి, గ్రంథాలయము మున్నగు ప్రజా భవనములకు నమూనాలు గీయుదురు. తరచుగా ఆ భవనములు కాగితము మీదనే పుట్టి, పరీక్షతో కాగితము మీదనే ముగియును. అదే పటమును మీ గ్రామమున నిజముగా ఉన్న అవసరమునకై గీసినచో, విద్యార్థికి చదువు ఫలించును, మీకు ఆలోచన లభించును.

చదువుకొను పిల్లలు ఏమి చేయగలరని మీకు సందేహము కలుగవచ్చును. ఆఫ్రికా ఖండమున బుర్కినా ఫాసో దేశములో గాండో అను పల్లె కలదు. ఆ ఊరి పెద్ద కుమారుడు ఫ్రాన్సిస్ కెరే. చిన్ననాడు తన ఊరిలో బడి లేక వేఱొక ఊరికి పోయి చదివెను. పిమ్మట జర్మనీ దేశమున బెర్లిన్ నగరములో వాస్తుశిల్పము చదువుచుండగనే, తన ఊరికి బడి కట్టుటకు పూనుకొని విరాళములు కూర్చెను. మట్టితో కట్టుదమనగా మొదట ఊరివారే వెనుకాడిరి. మట్టి గోడ వానకు నిలువదని వారి భయము. అతడు మట్టిలో కొంత సిమెంటు కలిపి అచ్చుపోసిన ఇటుకలతో కట్టి నమ్మకము కలిగించెను. పైన రేకు కప్పును లోకప్పునకు తగులకుండ ఎత్తుగా నిలిపి, నడుమ నుండి వేడిగాలి పోవునట్లు ఏర్పాటు చేసెను. ఊరి స్త్రీ పురుషులందఱు రాళ్లు మోసిరి, నేల దిమ్మిస చేసిరి. 2001లో ఆ బడి పూర్తియైనది. 2004లో దానికి ఆగాఖాన్ పురస్కారము లభించినది. 2022లో అదే కెరేకు వాస్తుశిల్పమున లోకమెల్ల గౌరవించు ప్రిట్జ్కర్ బహుమతి వచ్చినది.

మనకు పొరుగుననే మఱొక ఉదాహరణము కలదు. బంగ్లాదేశమున దినాజ్‌పూరు జిల్లాలో రుద్రపూర్ అను గ్రామమున ఒక బడి ఉన్నది. ఆస్ట్రియా దేశమున వాస్తుశిల్పము చదివిన అన్నా హెరింగర్ తన పట్టపు చదువు చివర సమర్పించిన పటమే ఆ బడికి మూలము. క్రింది అంతస్తు మందపు మట్టిగోడలు, పై అంతస్తు వెదురు. కట్టినవారు ఆ ప్రాంతపు పనివారు. దానికి 2007లో ఆగాఖాన్ పురస్కారము వచ్చినది. అమెరికాలో అలబామా రాష్ట్రపు ఆబర్న్ విశ్వవిద్యాలయము 1993లో రూరల్ స్టూడియో అను శాఖను నెలకొల్పినది. అచట విద్యార్థులు పేద పల్లెలలో నివసించి, ఊరివారి ఇండ్లను, ప్రజా భవనములను తామే గీసి తామే కట్టుచున్నారు.

ఈ మూడింటను ఒకే నీతి కలదు. విద్యార్థి ఊరికి పాఠము చెప్పుటకు ముందు ఊరివద్ద పాఠము నేర్చుకొనవలయును. మన ఊళ్లలో నేర్పుటకు పాఠములు లేకపోలేదు. ఈ ఉత్తరాంధ్ర తీరమున చుట్టిండ్లను చూడుడు. గుండ్రని గోడకు మూల లేదు. కావున తుపాను గాలి ఒకచోట మోది పట్టుకొనక, ప్రక్కలకు జారిపోవును. పల్లపు చూరు గోడను వాన నుండి కాపాడును. అరుగు బాటసారికి కూడ ఆసనమగును. గానుగ సున్నములో బెల్లపు నీరు, కరక్కాయ రసము కలిపి కట్టిన పాత గోడలు మీ ఊళ్లలో నేటికిని ఉండవచ్చును. బెల్లము వండు సీమవారికి దాని జిగురు సంగతి వేఱుగ చెప్పవలెనా?

అట్లని పాతదంతయు మంచిదని మేము చెప్పము. తాటియాకు కప్పు నిప్పునకు లోకువ. పునాది తడిసిన మట్టిగోడ కూలును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినప్పుడు గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచినది. విశాఖపట్టణమున కట్టడములకు లెక్కింపవలసిన మూల వేగమును జాతీయ ప్రమాణము సెకనుకు 50 మీటర్లుగా నిర్ణయించినది. అదియు గంటకు 180 కిలోమీటర్లే. కావున మీ ఊరుమ్మడి భవనము ఉత్సవములకే గాక, గాలివాన రాత్రి పిల్లలను, ముసలివారిని దాచుకొను కోటగా కూడ ఉండవలయును. కప్పును గోడకు, గోడను పునాదికి గట్టిగా బంధించు విషయమున పొదుపు చేయరాదు.

ఇక విద్యార్థి వచ్చినప్పుడు మీరును అతడును కలిసి విచారింపవలసిన సంగతులను కొన్ని మనవి చేయుదుము.

మొదటిది స్థలము. ఉచితముగా వచ్చిన స్థలమని తొందరపడవలదు. ఒక పెద్దమనిషి వాకిట కట్టిన భవనము కొలది దినములలోనే ఆయన చావడి యగును. దళితవాడ నుండి, గూడెము నుండి, చివరి వీధి నుండి వచ్చువారు ఎవరి గుమ్మమునకును తలవంచకుండ నడచి రాగల చోటు కావలయును. కట్టడము గోడలకంటె ముందు దారి ఆలోచింపుడు. చెఱువు గర్భమును, వాన నీరు పారు పల్లమును ఎన్నడును ఎన్నుకొనరాదు.

రెండవది ప్రజల మాట. గ్రామసభలో చేయి ఎత్తించినంత మాత్రమున అందఱి మాట విన్నట్లు కాదు. స్త్రీలను వేఱుగ కూర్చుండబెట్టి అడుగవలయును. అంగన్‌వాడీ కార్యకర్తను, బడిపిల్లలను, కఱ్ఱ ఊతతో నడచువారిని అడుగవలయును. ఏ వేళ ఎవరు వత్తురు, ఎంతసేపు ఉందురు, చెఱకు నఱకు దినములలో ఎవరికి తీరిక యుండును అని విద్యార్థి వ్రాసికొనవలయును. ఉదయము పిల్లలకు, మధ్యాహ్నము మహిళా సంఘమునకు, సాయంకాలము చదువరులకు ఒకే సావడి ఉపయోగపడినచో మూడు భవనముల వ్యయము ఒక దానితో తీరును.

మూడవది ఎండ, గాలి, వాన. పొడవు గోడలు ఉత్తర దక్షిణములకు, పొట్టి గోడలు తూర్పు పడమరలకు ఉన్నచో ఎండ దెబ్బ తగ్గును. మన ప్రాంతమున మే నడుమ నుండి జూలై చివరి వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొంచెము ఉత్తరముగా ఉండును. కావున ఉత్తరపు గోడకు కూడ చూరు అవసరము. ఎదురెదురుగా కిటికీలుండినగాని గాలి ఆడదు. ముందు వెడల్పాటి అరుగు, దానిపై పంచపాళి ఉండిన, లోపల చోటు చాలని నాడు జనము అచట సర్దుకొందురు.

నాల్గవది ఖర్చు. కేరళలో స్థిరపడి 2007లో దివంగతుడైన లారీ బేకర్ అను వాస్తుశిల్పి, ఇటుకలను నిలువుగా పేర్చి నడుమ ఖాళీ విడుచు కట్టుబడిని విరివిగా వాడెను. దానివలన ఇటుకలు సుమారు నాల్గవ వంతు మిగులును, గోడలోని గాలి వేడిని అడ్డగించును. ఇట్టి పద్ధతులు మీ మేస్త్రీలకు వచ్చునో రాదో ముందే విచారింపవలయును. రానిచో విద్యార్థియు మేస్త్రీయు కలిసి ఒక చిన్న గోడ కట్టి చూడవలయును.

ఐదవది అందఱి ప్రవేశము. మెట్లతోపాటు వాలుదారి ఉండవలయును. అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు ఉన్నచో చక్రాల కుర్చీ సుఖముగా ఎక్కును. స్త్రీలకు వేఱుగ, వెలుతురు ఉన్న వైపున మరుగుదొడ్డి, అందులో నీరు తప్పక ఉండవలయును. ఇది భవనము పూర్తియైన పిమ్మట తలపెట్టు సంగతి కాదు. మొదటి పటములోనే ఉండవలసిన సంగతి.

పటము గీసిన పిమ్మట మఱియొక పని కలదు. కాగితము మీది గీతలు అందఱికి అర్థము కావు. కావున స్థలము మీద సున్నముతో నిజమైన కొలతలకు ముగ్గు పోయింపుడు. ఇది వాకిలి, ఇది సావడి, ఇది అరుగు అని చెప్పి ఊరివారిని అందులో నడువనిండు. చంటిబిడ్డ నెత్తుకొన్న తల్లి ఎచట ఆగునో, ముసలివాడు ఎచట కూర్చుండ దలచునో అప్పుడు తెలియును. ముగ్గు చెరిపి మఱల పోయుటకు గంప సున్నము చాలును; గోడ పడగొట్టి కట్టుటకు ఊరి సొమ్ము చాలదు.

ఒక హెచ్చరిక కూడ చేయవలసి యున్నది. విద్యార్థి గీసిన పటము ఆలోచన మాత్రమే. దానిని నేరుగా పట్టుకొని పునాది త్రవ్వరాదు. నమోదైన ఆర్కిటెక్టు గాని, ఇంజనీరు గాని పరిశీలించి బలమును లెక్కింపవలయును. అంచనా, సాంకేతిక మంజూరు నియమానుసారముగ జరుగవలయును. మఱియు విద్యార్థిని ఉచితముగ దొరికిన పనివానిగా చూడరాదు. కళాశాల అధిపతికి పంచాయతీ తీర్మానముతో లేఖ వ్రాసి, ఉపాధ్యాయుని పర్యవేక్షణ కోరుడు. వచ్చిన పిల్లలకు బస, భోజనము కల్పింపుడు. పరీక్షలు కాగానే వారు వెళ్లిపోవుదురు. కావున పటముల ప్రతిని, వారు వ్రాసిన వివరములను పంచాయతీ కార్యాలయమున భద్రపఱచుడు.

1993 ఏప్రిల్ 24 నుండి అమలునకు వచ్చిన రాజ్యాంగ సవరణము పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములను పేర్కొన్నది. వానిలో చిట్టచివరిది సామాజిక ఆస్తుల పోషణ. చివరిది గనుక చిన్నదని తలపరాదు. ప్రారంభోత్సవము నాడు కట్టిన తోరణము మఱునాటికి వాడును; కప్పు కారుట, తలుపు ఊడుట ఏండ్లతరబడి ఉండును. ప్రతి సంవత్సరము తొలకరికి ముందు కప్పు, కాలువలు చూచుట ఎవరి పని? తాళపు చెవి ఎవరి వద్ద ఉండును? ఈ రెండు ప్రశ్నలకు బదులు పునాదిరాయి వేయక ముందే తీర్మాన పుస్తకమున వ్రాసికొనుడు.

సభ్యులారా, ఆ వృద్ధుని మాట మీకు మఱల జ్ఞాపకము చేయుదుము. ఆయన చెట్టును తనదనెను. ఆ నీడలో ఎవరైన, ఎప్పుడైన, ఎవరి అనుమతి లేకుండ కూర్చుండవచ్చును. అందువలననే అది ఆయనది. మీ గ్రామమున తరువాత కట్టబోవు భవనము అట్టిది కావలయును. చెట్టు ఉన్నచో దానిని నఱకక, దాని నీడను అరుగుతో కలుపుకొని కట్టుడు. చదువుకొను పిల్లల చురుకుదనమును, మేస్త్రీల అనుభవమును, తల్లుల మాటను ఒకచోట చేర్చుడు. ఈ భవనము మాదని మీ ఊరి వృద్ధుడు చెప్పు దినము వచ్చినచో, మేము మఱల వచ్చి ఆ అరుగు మీదనే మీతో కూర్చుండి మాటలాడగలము.