రింగులు మార్చే ముందు బోరు చూడండి

పాత బుల్లెట్ వెనక నీలి పొగ కనిపిస్తే చాలు, "రింగులు వేసేద్దాం" అంటారు. ఆగండి, ముందు బోరు, అంటే సిలిండర్ లోపలి రంధ్రం, సంగతి తేల్చుకోవాలి.

సిలిండర్ అంతటా ఒకేలా అరగదు. పై రింగు వెళ్లి వెనక్కి మళ్లే చోట మంట ఎక్కువ, ఆయిల్ తక్కువ. అరుగుదల ఎక్కువగా అక్కడే. గోటిని పైకి జరిపితే చిన్న గట్టు తగులుతుంది. పిస్టన్ పిన్నుకు అడ్డంగా ఉండే వైపులు మరీ అరిగి, గుండ్రటి బోరు కాస్తా కోలగా మారుతుంది.

బోర్ గేజ్ లేదా? ఉపాయం ఉంది. కొత్త రింగును పిస్టన్‌తో నెట్టి బోరు అడుగున సమంగా నిలపండి. దాని రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవండి. తర్వాత అరిగిన చోటా అలాగే కొలవండి. తేడాను 3.14తో భాగిస్తే వ్యాసం ఎంత పెరిగిందో తెలుస్తుంది. తేడా 0.3 మిల్లీమీటర్లుంటే అరుగుదల దాదాపు 0.1. పాత బుల్లెట్ 350 బోరు 70 మిల్లీమీటర్లే. అంత అరిగాక ఉత్త రింగులు వేయడం, నన్నడిగితే, డబ్బు దండగ. ఆ గట్టు తగిలి కొత్త రింగు విరిగినా విరగొచ్చు. బోరింగ్ చేయించి, ఓవర్‌సైజ్ పిస్టన్, దానికి తగ్గ రింగులు వేయించండి.

అరుగుదల స్వల్పమైతే హోనింగ్ చాలు. దానితో బోరు గోడ మీద పడే సన్నటి గీతలే ఆయిల్‌ను పట్టి ఉంచుతాయి. ఈ బోరుకు రింగు సందు సుమారు 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు ఉండాలి. తక్కువైతే వేడికి కొసలు ఒరుసుకుంటాయి. సన్నటి ఆకురాయితో కొసలను కొద్దికొద్దిగా అరగదీయండి. ఎక్కించేటప్పుడు గుర్తున్న వైపు పైకి, సందులన్నీ ఒకే వరసలో పడకుండా.