సామర్లకోట చిత్రకారులు



చిత్రకారుడు దామెర్ల రామారావు పుట్టిన ఈ రాజమహేంద్రవరంలో, గోదావరి గట్టుకు ఇంత దగ్గరగా నన్ను అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. అందుకే బొమ్మల గురించే నాలుగు మాటలు చెబుతాను. ముందుగా పరాయి దేశపు బొమ్మ ఒకటి.

ఫ్రాన్సులో మోంబార్ అనే చిన్న ఊరి మ్యూజియంలో బ్యుఫోన్ తైలవర్ణ చిత్రం ఉంది. 1753లో ద్రూయే అనే చిత్రకారుడు వేశాడు. ఆ జలతారు పనీ, లేసు అంచులూ చూస్తే ఎవరో పెద్ద జమీందారు అనుకుంటాం. నిజానికి ఆయన పారిస్ రాజోద్యానానికి అధిపతి, ప్రకృతి చరిత్రను 36 సంపుటాలుగా రాసిన మనిషి. కౌంట్ బిరుదు దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత వచ్చింది.

ఆ 1753 మనకూ గుర్తుండవలసిన ఏడాదే. హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ ఉత్తర సర్కార్లను ఫ్రెంచి సేనాని బుస్సీకి ఇచ్చింది అప్పుడే. రాజమహేంద్రవరం సర్కారూ అందులోదే. 1758లో చందుర్తి యుద్ధంతో ఫ్రెంచివాళ్ల ఏలుబడి పోయింది. యానాం మాత్రం 1954 దాకా వాళ్ల చేతిలోనే ఉంది. కొంతకాలం ఆ యానాంలో అధికారిగా ఉన్న సొన్నెరా కూడా ప్రకృతి శాస్త్రవేత్తే. బూడిదరంగు అడవికోడి శాస్త్రీయ నామంలో ఆయన పేరుంది.

ఇక అసలు సంగతి. 1781లో స్కాట్లండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోట చేరాడు. మన మొక్కల బొమ్మలు వేయడానికి ఇక్కడి చిత్రకారులనే పెట్టుకున్నాడు. పువ్వును రేకలుగా విప్పి, కేసరాలు విడదీసి, కాయను అడ్డంగా కోసి, గింజతో సహా వేయాలి. కుంచె ఎంత సన్నగా నడవాలో, కన్ను ఎంత నిలకడగా ఉండాలో ఊహించండి! ఆ బొమ్మల ఆధారంగా కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. మొత్తం 300 ఫలకాలు. బ్యుఫోన్ గ్రంథంలో జంతువుల బొమ్మల కింద ద సేవ్ అనే చిత్రకారుడి పేరు అచ్చయింది. మనవాళ్ల పేరు ఒక్క ఫలకం కిందా లేదు. ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

రాక్స్‌బర్గ్ మొక్కల తెలుగు పేర్లను మాత్రం శ్రద్ధగా రాసుకున్నాడు. సోమిద చెట్టు బెరడు జ్వరానికి పనిచేస్తుందని లోకానికి చాటాడు. 1830లో ఆద్రియాఁ ద జుస్యూ ఆ ప్రజాతికి సోయ్‌మిడా అనే పేరు పెట్టాడు. జుస్యూ ఆచార్యుడిగా ఉన్నది ఒకప్పుడు బ్యుఫోన్ ఏలిన ఆ తోటలోనే. మన చెట్టు పేరు అంత దూరం వెళ్లింది. దాన్ని గీసిన మనిషి పేరు సామర్లకోట కూడా దాటలేదు.

అసలు బొమ్మలు కొన్ని లండన్‌లోని క్యూ ఉద్యానంలో, కొన్ని కలకత్తా దగ్గర శిబ్‌పూర్ ఉద్యానంలో ఉన్నాయి. రాక్స్‌బర్గ్ పనిచేసిన ఈస్టిండియా కంపెనీ కాగితాలు చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. జీతాల పద్దులు, ఉత్తరాలు, రసీదులు తిరగేయడానికి ఇక్కడున్న యువ పరిశోధకుల్లో ఒక్కరైనా పూనుకోండి. ఒక్క పేరు దొరికినా, వచ్చే సభలో మొదటి ప్రసంగం ఆ చిత్రకారుడి మీదే పెట్టిద్దాం.