సుద్ద కొండల మీద కాలిబాట

(స్వర్ణోత్సవ సంవత్సరంలో జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంగ్లండులో చాలా ఏళ్లుగా ఉంటున్నారు కదా, అక్కడి సంగతి ఏదన్నా చెప్పండి, ఇరవై నిమిషాలు మించకండి" అన్నారు కార్యదర్శిగారు. ఉద్యోగాలు, వీసాలు, చలి గురించి మీ పిల్లలు ఫోనుల్లో చెబుతూనే ఉంటారు. అందుకని నేను ఆదివారాలు నడిచే దారుల గురించి చెబుతాను. దానికీ మన స్కూలుకీ ఒక సంబంధం ఉంది. చివర్లో వస్తాను.

ఇంగ్లండు దక్షిణ తీరానికి దగ్గరగా సౌత్ డౌన్స్ అనే కొండల వరస ఉంది. పేరులో డౌన్ ఉంది గాని, దిగడానికీ దానికీ సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు కొండ అనే అర్థం. అలాగని మన తూర్పు కనుమల్ని ఊహించుకోకండి. డిచ్లింగ్ బీకన్ అని పేరుమోసిన శిఖరం కూడా 248 మీటర్లే. గడ్డివాముల మీద పచ్చ దుప్పటి పరిచినట్టు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా ఉంటాయి. పైన మట్టి చాలా పలచన. కాలితో గీరితే కింద తెల్లటి సుద్ద కనిపిస్తుంది. పది కోట్ల ఏళ్ల నాడు మొదలై కొన్ని కోట్ల ఏళ్లపాటు సముద్రం అడుగున పేరుకున్న సూక్ష్మజీవుల గుల్లలే ఆ సుద్ద. మన మాస్టార్లు బోర్డు మీద రాసి అరగదీసింది, మా వీపులకు గురిచూసి విసిరింది మాత్రం ఈ సుద్ద కాదులెండి. మన దగ్గర సుద్దముక్కలు ఎక్కువగా జిప్సంతో చేస్తారు.

సుద్ద నీళ్లను పీల్చేసుకుంటుంది. కొండ మీద వాగులు ఉండవు. గొర్రెల కోసం పూర్వం అక్కడి రైతులు బంకమట్టి మెత్తి చిన్న కుంటలు తవ్వుకున్నారు, కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. నీరు నిలవదు కాబట్టి కొండ వీపు మీద నడక సుఖం. కింద లోయల్లో చలికాలం బురద మోకాలి దాకా వస్తుంది. అందుకే వేల ఏళ్లుగా మనుషులు ఎత్తు పట్టుకునే నడిచారు. ఇప్పుడు విన్‌చెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా 160 కిలోమీటర్ల సౌత్ డౌన్స్ వే చాలాచోట్ల ఆ పాత జాడల మీదే వెళుతుంది. గొర్రెలు తరతరాలుగా మేసిన ఆ గడ్డిలో ఒక్క చదరపు మీటరులో నలభై రకాల దాకా మొక్కలు లెక్కపెట్టవచ్చు. 2010లో దీన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు.

జాతీయ పార్కు అనగానే ప్రభుత్వ భూమి అనుకుంటాం. కాదు. చాలామటుకు సొంతదారుల పొలాలే. గోధుమ చేను నడిమధ్య నుంచి బాట పోతుంది. ఆ బాట మీద నడిచే హక్కు నాకుంది, మీకూ ఉంది, దారిన పోయే ఎవరికైనా ఉంది. ఆసామిని అడగనక్కర్లేదు. బాట చేనుకు అడ్డంగా ఉంటే రైతు దున్నుకోవచ్చు గాని, మొదటి దుక్కి అయిన పద్నాలుగు రోజుల్లో మళ్లీ నడవడానికి వీలుగా సరిచేసి పెట్టాలి, కనీసం మీటరు వెడల్పుతో. ఆ తర్వాత ఆ పంటకే మళ్లీ కదిలిస్తే ఇరవై నాలుగు గంటలే గడువు. కంచె దగ్గర చిన్న మెట్లో, తిరుగుడు గేటో ఉంటుంది. పసుపు బాణం గుర్తుంటే నడిచేవాళ్ల దారి, నీలం బాణమైతే గుర్రాలూ సైకిళ్లూ కూడా వెళ్లొచ్చు.

ఈ హక్కు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1932లో ఉత్తరాన కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి కొన్ని వందల మంది, ఎక్కువగా మిల్లు పట్టణాల కుర్రాళ్లు, వద్దన్నా ఎక్కారు. ఐదుగురు జైలుకు వెళ్లారు. 1949లో చట్టం వచ్చింది. ప్రతి కౌంటీ తన పరిధిలోని కాలిబాటలన్నీ నక్షా మీద ఎక్కించాలంది. ఆ నక్షాలో ఉంటే అది తిరుగులేని సాక్ష్యం. లేకపోయినా, ఇరవై ఏళ్లపాటు జనం బలవంతంగా కాకుండా, చాటుగా కాకుండా, అనుమతి అడక్కుండా మామూలుగా నడిచారని రుజువు చేస్తే, ఆసామి అడ్డుచెప్పిన దాఖలా లేకపోతే, దాన్నీ అందరి దారిగానే లెక్కిస్తారు. నడక ఒక సాక్ష్యం అన్నమాట. ఇది విన్నప్పుడు నాకు భలే నచ్చింది.

ఇక ఒక్క దారి వెంట మిమ్మల్ని తీసుకెళతాను. పది కిలోమీటర్ల లోపే. హాసక్స్ అనే స్టేషనులో రైలు దిగి క్లేటన్ ఊరికి నడవాలి. ఊరంటే నాలుగు ఇళ్లు, ఒక చిన్న చర్చి. చర్చి లోపల గోడల మీద తొమ్మిది వందల ఏళ్ల నాటి బొమ్మలున్నాయి. గోడలు చెకుముకి రాళ్లవి. సుద్దలోనే దొరుకుతాయి ఆ రాళ్లు. అక్కడి నుంచి నిట్టనిలువు ఎక్కుడు. పైన రెండు గాలిమరలు, జాక్, జిల్ అని పేర్లు. జిల్‌ను 1821లో బ్రైటన్‌లో కట్టి, 1852లో ఎడ్లతో లాగించి ఈ కొండ మీదికి తెచ్చారు. మిల్లుకు మిల్లునే లాక్కొచ్చిన ఆ ఎడ్లను తలుచుకుంటే, కాడి పట్టిన ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి, నాకు వాటి మెడలే గుర్తొస్తాయి. ఓపికుంటే పక్కన పైకూంబ్ చూడొచ్చు. గొర్రెల కాపరుల కొక్కేల కర్రలకు ఒకప్పుడు ప్రసిద్ధమైన ఊరు.

కొండ వీపు మీద కొంత దూరం పోయి దక్షిణానికి తిరిగితే దూరంగా సముద్రం, బ్రైటన్ కనిపిస్తాయి. ఇంకాస్త దిగితే పచ్చిక మధ్య తెల్లటి పాలరాతి గుమ్మటం, ఎనిమిది స్తంభాలు. దాని పేరు ఛత్రి. మన ఛత్రే.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో గాయపడిన భారతీయ సిపాయిలను బ్రైటన్‌కు తెచ్చారు. అక్కడి రాజుగారి పాత విలాసభవనాన్నే ఆసుపత్రి చేశారు. ఆచారాలు తప్పకూడదని తొమ్మిది వంటశాలలు పెట్టారు. కోలుకోనివారిలో ముస్లిములను వోకింగ్ మసీదు దగ్గరి శ్మశానంలో ఖననం చేశారు. హిందువులు, సిక్కులు 53 మందిని ఈ కొండ మీదికి తెచ్చి దహనం చేశారు. ఆ చోటే 1921 ఫిబ్రవరి 1న ఛత్రిని ఆవిష్కరించారు. గీసింది బొంబాయి నుంచి వచ్చిన హెన్రిక్స్ అనే యువ వాస్తుశిల్పి. చితులు కాలిన చోట మూడు పెద్ద గ్రానైటు పలకలు పరిచి ఉన్నాయి. అయితే ఆ 53 మంది పేర్లు అక్కడ ఒక రాతి మీద చెక్కింది 2010లో. దాదాపు తొంభై ఏళ్లు పేర్లు లేకుండానే ఉన్నారు.

అక్కడికి కారు పోయే దారి లేదు. గుర్రాలు పోయే బాట ఒకటే. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం ఆ కొండల్ని సాధనకు వాడుకున్నప్పుడు ఛత్రికి తూటాలు తగిలాయి. తర్వాత బాగు చేశారు. మాజీ సైనికుల సంఘం ఏటా జరిపే యాత్ర 1999తో ఆగిపోతే, స్థానికంగా స్థిరపడిన మనవాళ్లు 2000 నుంచి మళ్లీ అందుకున్నారు. ఏటా జూన్‌లో ముసలివాళ్లు, పిల్లలు, తలపాగాలవాళ్లు, పతకాలు పెట్టుకున్న తెల్లవాళ్లు నడుచుకుంటూ వస్తారు. ఆ బాట గడ్డి మూసుకుపోకుండా ఉందంటే వీళ్ల కాళ్ల వల్లే.

దారులు పోవడం అక్కడా ఉంది. 1949కి ముందునుంచీ ఉండి నక్షాకెక్కని దారులను 2026 లోపు నమోదు చేసుకోకపోతే హక్కు పోతుందని 2000 సంవత్సరం చట్టం గడువు పెట్టింది. దాంతో వేలమంది వలంటీర్లు ఇళ్లలో కూర్చుని వందేళ్ల నాటి మ్యాపులనూ ఇప్పటి మ్యాపులనూ పక్కపక్కన పెట్టి పోల్చారు. 2020 నాటికి ఇంగ్లండు, వేల్స్‌లలో దాదాపు 79,000 కిలోమీటర్ల దారులు జారిపోయి ఉండొచ్చని తేల్చారు. గడువు తర్వాత జరిగింది, దాన్ని పూర్తిగా ఎత్తేస్తామని ప్రభుత్వం 2024 డిసెంబరులో ప్రకటించింది. మ్యాపులు చూసినవాళ్లలో లాయర్లు తక్కువ. ఎక్కువమంది మనలాంటివాళ్లే, రిటైరైన టీచర్లు కూడా.

ఇప్పుడు మన స్కూలు. చెరువు అవతలి పల్లెల పిల్లలం స్కూలుకు వచ్చింది డొంక దారిన. ఇక్కడున్న సగం మందికి దాని మలుపులు కళ్లు మూసుకున్నా తెలుసు. మొన్న వెళ్లి చూశాను. ఒకచోట కంచె, ఒకచోట రొయ్యల చెరువు గట్టు, మిగతాది సర్కారు తుమ్మ. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. నడిచేవాళ్లు లేని దారి పక్క రైతుకు ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది. మన 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలోనూ ఇరవై ఏళ్ల లెక్క ఉంది గాని, అది ఒక ఆసామికి పక్కవాడి పొలం మీదుగా ఉండే హక్కు గురించి. డొంక, పుంత అలా కాదు. అవి ఊరందరివి, పోరంబోకుగా రికార్డుకెక్కేవి, గ్రామ నక్షాలో గీత ఉండేవి.

ఆ నక్షా నకలు ఒకటి తీసుకుని పట్టుకొచ్చాను, హెడ్మాస్టారుగారి గదిలో బల్ల మీద ఉంది. పాత విద్యార్థులు భోజనాలయ్యాక వచ్చి, ఏ మలుపు ఎక్కడ ఉండేదో, తాటిచెట్ల దగ్గర దారి ఎటు చీలేదో పెన్సిలుతో గుర్తుపెట్టి, పక్కన పేరూ బ్యాచీ రాయండి. ఎనభై దాటిన మన తెలుగు మాస్టారు ఇప్పటికే రెండు గుర్తులు పెట్టారు. రేపు ఉదయం ఆరింటికి స్కూలు గేటు దగ్గర కలుద్దాం. పోయినంత దూరం పోదాం. తుమ్మముళ్లున్నాయి, చెప్పులతో రాకండి. సర్వేయరుగారిని కూడా పిలిచాం, వస్తామన్నారు.

సెలవు.