ముల్లు పైకి లేస్తే ఇంజిన్ వేడెక్కినట్టేనా?

పోయిన వారం సాయంత్రం బాబాయ్ పాత టాటా 407లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ వైపు వస్తున్నాం. కొత్తపేట దగ్గర చీకటి పడిందని హెడ్‌లైట్లు వేశాడు. అంతే, టెంపరేచర్ ముల్లు ఒక్కసారిగా 'హెచ్' దాకా లేచింది. "అయిపోయిందిరా, మళ్ళీ ఇంజిన్ పని" అంటూ బండి పక్కకి తీశాడు.

ఆయన భయం ఊరికే కాదు. రెండేళ్ల కింద ఇదే బండికి హెడ్ గాస్కెట్ పోయింది. బండి షెడ్డులో, కిస్తీలు నెత్తి మీద.

"బాబాయ్, ఒకసారి లైట్లు ఆపు" అన్నా. ఆపగానే ముల్లు మధ్యకి దిగింది. వేస్తే మళ్ళీ పైకి. ఆలోచించండి, రేడియేటర్‌లో అన్ని లీటర్ల నీళ్లు ఒక్క సెకనులో వేడెక్కవు, చల్లారవు. ముల్లు గెంతిందంటే లోపం చాలావరకు కరెంటు వైపే. మెల్లగా పాకుతూ ఎక్కితే మాత్రం నిజంగా వేడి అనే అనుకోవాలి.

మర్నాడు ఆటోనగర్‌లో మీటర్ వెనక చూస్తే ఎర్త్ వైరు బోల్టు తుప్పు పట్టి ఉంది. గీకి, గట్టిగా బిగించాం. టెంపరేచర్ గన్ పెడితే థర్మోస్టాట్ దగ్గర 84 డిగ్రీలు. ఇంజిన్‌కి ఏం కాలేదు.

మీకు ఎర్త్ బాగానే ఉంటే సెన్సార్ చూడండి. తాళం ఆన్ చేసి సెన్సార్ వైరు పీకండి. ఇలాంటి పాత మీటర్లలో చాలావాటికి ముల్లు 'సి' మీదకి పడాలి. అదే వైరు ఇంజిన్ బాడీకి ఒక్క క్షణం తాకిస్తే 'హెచ్' వైపు లేవాలి. రెండూ జరిగితే మీటరు, వైరు మంచివే, అనుమానం సెన్సార్ మీదే. ఒక్క వైరు సెన్సార్‌కి ఎర్త్ మరల్లోంచే అందుతుంది, కాబట్టి కొత్తది బిగించేటప్పుడు టెఫ్లాన్ టేపు మందంగా చుట్టొద్దు.

ఇప్పుడు అసలు ముచ్చట. రెండేళ్ల కింద గాస్కెట్ పోయిన రోజు ముల్లు 'సి' మీదే ఉంది! హోస్ పగిలి నీళ్లన్నీ కారిపోయాయి. సెన్సార్ నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెప్తుంది. బాబాయ్ ముల్లు చూసి చల్లగానే ఉందనుకుని లాగించేశాడు.

అందుకే ముల్లు పైకి గెంతినా, ఉన్నట్టుండి కిందికి పడినా ముందు బండి ఆపండి. హోస్‌లు, కింద నీటి మరకలు చూడండి. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు, మరిగే నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి.

పది నిమిషాలు ఆలస్యమైతే కిరాయి పోదు. ఇంజిన్ పోతే ఇల్లే ఆగిపోతుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.