నోటి మాట కాదు, కాగితం మీద ధర
(సర్వసభ్య సమావేశంలో రంగుల పని బృందం చేసిన ప్రసంగం)



మేము నలుగురం ఇళ్ళకు రంగులు వేస్తాం. బ్రష్ పట్టడం శిక్షణలో నేర్చుకున్నాం. ధర చెప్పడం మాత్రం నష్టపోయాకే నేర్చుకున్నాం. ఆ సంగతే ఈ రోజు చెప్తాం.

మొదటి పనికి వెళ్ళినప్పుడు ఇంటాయన "మొత్తం ఎంతమ్మా?" అన్నారు. గదులు అటూ ఇటూ చూసి, కూలికి 14,000 అనేశాం. ఆరు రోజుల్లో అయిపోతుందనుకున్నాం. గీకుతుంటే పాత రంగు పెచ్చులుగా ఊడొచ్చింది. బాత్రూమ్ పక్క గోడంతా చెమ్మ. కిటికీ ఊచలు కూడా "అందులోనే కదా" అన్నారు. పది రోజులు పట్టింది. చివర్లో 2,000 ఆపేశారు. నలుగురం పది రోజులంటే 40 కూలిదినాలు. మనిషికి రోజుకు 300 పడింది. నిచ్చెనల కోసం సంఘంలో తీసుకున్న అప్పు కిస్తీ ఆ నెల ఇంట్లో డబ్బుతో కట్టాం. గట్టిగా అడుగుదామంటే మా చేతిలో కాగితం లేదు.

ఆ తర్వాత సంఘం లెక్కలు రాసే చెల్లెలితో కూర్చుని కొటేషన్ రాయడం మొదలుపెట్టాం. ఇప్పుడు ఇల్లు చూడకుండా, టేపు పెట్టకుండా ధర చెప్పం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గదికి గోడలు 440 చదరపు అడుగులు, పైకప్పు 120, మొత్తం 560. అందులో తలుపులు, కిటికీల కొలత తీసేస్తాం. వాటి రంగు ధర వేరే రాస్తాం.

గోడ పనిని కూడా విడివిడిగా రాస్తాం: పాత రంగు గీకడం, లప్పం ఎన్ని కోట్లు, ఉప్పుకాగితంతో రుద్దడం, ప్రైమర్ ఒక కోటు, రంగు రెండు కోట్లు. రంగు ఏ రకం, సామాను ఎవరు తేవాలి, ఎన్ని రోజులు పడుతుంది అన్నవి కూడా ఉంటాయి. చెమ్మ బాగుచేయడం, సిమెంటు పని మా ధరలో లేవని తప్పకుండా రాస్తాం. ఎక్కువ పని వస్తే ముందు ధర రాసుకుని, తర్వాతే చెయ్యి వేస్తాం. డబ్బు మూడు విడతలు: మొదలుపెట్టే ముందు, ప్రైమర్ అయ్యాక, పని అప్పగించిన రోజు. సామాను ధరలు మారతాయి కాబట్టి ఈ ధర 15 రోజుల వరకే అని రాస్తాం. రెండు ప్రతులు, రెండు వైపులా సంతకాలు.

ఇచ్చేముందు మాలో మేము ఒక లెక్క వేసుకుంటాం: ఎన్ని కూలిదినాలు, సామాను, ఆటో ఖర్చు, బ్రష్‌ల అరుగుదల, అప్పు కిస్తీ. ఇవన్నీ పోను కూలి గిట్టకపోతే ఆ పని వద్దనుకుంటాం. అలా రెండు పనులు వదులుకున్నాం కూడా.

"ఆడవాళ్ళే కదా, తగ్గించండి" అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఒక ఇంటావిడ వేరే మేస్త్రీ ధర తక్కువుందన్నారు. ఆయన కాగితంలో గీకడం, లప్పం లేవని చూపించాం. ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టి చదివి, పని మాకే ఇచ్చారు. చదరపు అడుగుకు ఆడా మగా తేడా ఉండదు కదా.

మన వాళ్ళింట్లో చేసినా కాగితం ఇస్తున్నాం. మొదట్లో కొందరు నొచ్చుకున్నారు. కానీ పని అయ్యాక మాట పట్టింపులు లేవు. కుట్టుపని, వంటల పని చేసే అక్కలు కూడా రేపటి నుంచి ధర రాసివ్వండి. రాయడం రాకపోతే మా దగ్గరకు రండి, కూర్చుని రాద్దాం.