నమూనా విమానము – లోపలి పని

1993లో రెండు రాజ్యములుగా విడివడిన చెకోస్లొవేకియాలో పుట్టినది ఎల్-39 ఆల్బట్రాస్ అను జెట్ విమానము. 1968 నవంబరు 4వ తేదీన తొలిసారి ఎగిరినది. సైనిక వైమానికులకు విద్య గరపుటయే దీని ముఖ్యకార్యము. ముందు శిష్యుడు, వెనుక గురువు కూర్చుందురు. శిష్యుని తలమీదుగా ముందుచూపు సాగునట్లు గురుపీఠము ఎత్తుగా నుండును.

పండ్రెండు మీటర్ల యీ విమానమును 72వ వంతున చేసినచో సుమారు 17 సెంటిమీటర్లగును; జానెడైనను కాదు. అయినను ఆ పీఠపు ఎత్తు తప్పరాదు. తప్పినచో అది గురుశిష్యుల విమానము కానేరదు. ముక్కులో సీసపు తునక నుంచవలెను. లేనిచో బొమ్మ తోకపై కూలబడును. ఈ రెండును అమర్చిన పిదపనే దేహపు రెండు చెక్కలను అతికింపవలెను. అతికినదానిని చెడకుండ విప్పుట దుర్ఘటము.

రంగులకు తొందరపడు పిల్లవానితో పెద్దలు చెప్పదగినది యిదియే: మూయుటకు ముందు లోపల చూచుకొనుము.