గిటారు నేర్చువానికి కంప్యూటరు తోడు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమనగా ఒక్కడు కొనజాలని గ్రంథములను పదిమందియు చదువుకొను చోటు. ఇరువదియైదు సంవత్సరములుగా ఈ ఊరిలో జరుగుచున్న పుణ్యకార్యమదియే. సంగీత ప్రపంచమునందును ఇటువంటి సదుపాయమొకటి ఏర్పడినది. ధనవంతులకు మాత్రమే లభించుచుండిన గిటారు ధ్వని పరికరములు నేడు కంప్యూటరులో నిమిడి సామాన్యుని ఇంటికి వచ్చినవి. వానితో సాధన ఎట్లు ప్రారంభింపవలెను, క్రొత్తవారు ఎచ్చట పొరపడుదురు అనునది నేటి ప్రసంగ విషయము.

మొదట విద్యుత్ గిటారు స్వభావము తెలియవలెను. సాధారణమైన గిటారునకు బోలుగానున్న చెక్కపెట్టె యుండును. తీగ కదలగా పెట్టె మ్రోగును. విద్యుత్ గిటారులలో చాలవాటికి అట్టి పెట్టె యుండదు. ఉక్కు తీగల క్రింద అయస్కాంతమును, దాని చుట్టును సన్నని రాగితీగ చుట్టయు నుండును. దీనిని పికప్ అందురు. పైనున్న తీగ కంపించినపుడు ఈ చుట్టలో మిక్కిలి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని పెంచి స్పీకరు ద్వారా వినిపించు యంత్రమే ఆంప్లిఫయరు. కావున విద్యుత్ గిటారు విషయమున ఆంప్లిఫయరు వాద్యమునకు వెలుపలి వస్తువు కాదు, వాద్యములో సగము.

ఈ యంత్రముల చరిత్ర ముచ్చటైనది. అమెరికాలో 1932 ప్రాంతమున రికెన్‌బాకర్ సంస్థవారి విద్యుత్ గిటారులు అంగడికి వచ్చినవి. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేయుచుండిన లియో ఫెండర్ తరువాతి కాలమున పేరుమోసిన గిటారులను, ఆంప్లిఫయరులను నిర్మించెను. లండనులో డ్రమ్ములు అమ్ముకొనుచుండిన జిమ్ మార్షల్ 1962లో ఫెండర్ యంత్రమొకదానిని ఆదర్శముగా గొని తన ఆంప్లిఫయరును తయారుచేయించెను. ఈ యంత్రములన్నింటను వాల్వులుండెడివి. పాత రేడియో వెనుక ఎఱ్ఱగా వెలుగుచుండిన గాజుగొట్టములు పెద్దలలో పలువురు ఎఱుగుదురు. అవియే ఇవి.

వాల్వునకు శక్తికి మించిన పని పెట్టినచో స్వరము స్వచ్ఛత కోల్పోయి గరగరమనును. ఇంజనీర్లు దీనిని దోషమనిరి. వాద్యకారులు దీనిలో అందమును కనిరి. 1951లో మెంఫిస్ నగరమున ఒక పాట రికార్డు చేయబోవు వేళ, దారిలో దెబ్బతిన్న ఆంప్లిఫయరు బొంగురుగా మ్రోగెననియు, ఆ ధ్వనినే రికార్డులో ఉంచిరనియు చెప్పుదురు. 1964లో ఇంగ్లండునందలి కింక్స్ బృందములోని గిటారు వాద్యకారుడు డేవ్ డేవిస్ తన స్పీకరు కాగితమును కావలెననియే బ్లేడుతో చీల్చి అటువంటి గరుకు ధ్వనిని సాధించెను. ఆ పాట లోకప్రసిద్ధమైనది. దోషమే గుణమైన విచిత్రమిది.

ధ్వనికి మెఱుగులు దిద్దు ఇతర పరికరములును పుట్టినవి. వీనిని ఎఫెక్టులందురు. నూతిలోనికి కేక వేసినపుడు మరల వినవచ్చు ప్రతిధ్వని వంటిది ఒకటి. ఆలయ మండపమున పాడిన పాట గోడలను తాకి క్రమముగా నడగునట్లు చేయునది మఱియొకటి. ఒక గిటారును రెండు మూడు గిటారులు కలిసి మ్రోగినట్లు వినిపించునది వేఱొకటి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పెట్టె కొనవలసి యుండెను.

ఇన్ని కొనుట అందఱకు సాధ్యమా? ధర యటుంచుడు. ఫెండర్ ట్విన్ రివర్బ్ అను ఆంప్లిఫయరు బరువు సుమారు 29 కిలోలు. అంతకన్న పెద్ద చిక్కు చప్పుడు. వాల్వు యంత్రము గట్టిగా మ్రోగినపుడే తన నిజస్వరూపమును చూపును. ఒకే గదిలో ముసలివారు నిద్రించు ఇంటను, గోడకు గోడ ఆనుకొనియున్న వీథిలోను ఇట్టి సాధన సాగదు. ఎందఱి ఉత్సాహమో ఈ కారణముననే అణగిపోవును.

ఈ అడ్డు తొలగించునది సిమ్యులేషన్ సాఫ్ట్‌వేరు, అనగా ఆంప్లిఫయరును లెక్కల రూపమున అనుకరించు కార్యక్రమము. 1998లో లైన్ 6 సంస్థ పాడ్ అను ఎఱ్ఱని చిన్న పెట్టెలో పలు ఆంప్లిఫయరుల ధ్వనులను ఇమిడ్చి వెలువరించెను. 2002లో ఆంప్లిట్యూబ్, 2004లో గిటార్ రిగ్ అను సాఫ్ట్‌వేరులు కంప్యూటరులకు వచ్చినవి.

ఇది పనిచేయు తీరు రెండు విధములు. ఆంప్లిఫయరులోని ప్రతి వాల్వు, ప్రతి భాగము విద్యుత్తును ఎట్లు మార్చునో సమీకరణములుగా వ్రాసి, వానిని కంప్యూటరుచే లెక్కింపజేయుట మొదటి విధము. నిజమైన యంత్రములోనికి పోయిన ధ్వనిని, వెలువడిన ధ్వనిని కంప్యూటరునకు వినిపించి, భేదము తగ్గువఱకు అది తన్ను తాను దిద్దుకొనునట్లు చేయుట రెండవ విధము. గురువు పాడినది శిష్యుడు విని, తప్పి, దిద్దుకొని నేర్చుటవంటిదిది. ఉచితముగా లభించు న్యూరల్ ఆంప్ మోడలర్ ఈ రెండవ తెగకు చెందినది. లినక్స్ కంప్యూటరులు గలవారికి గిటారిక్స్, ఆపిల్ కంప్యూటరులు గలవారికి గ్యారేజ్‌బ్యాండ్ ఉచితముగనే దొరకును. ఇన్ని ఉచితముగా నుండగా, వెలగల సాఫ్ట్‌వేరును దొంగప్రతిగా తెచ్చుకొనుట గ్రంథాలయ పుస్తకమునుండి పుట చింపుకొనిపోవుటతో సమానము.

ఇక ప్రారంభించు పద్ధతి. కావలసినవి గిటారు, కంప్యూటరు, ఆడియో ఇంటర్‌ఫేస్ అను చిన్నపెట్టె, తీగగల హెడ్‌ఫోను. ఇంటర్‌ఫేస్ గిటారు నుండి వచ్చు విద్యుత్తును కొలిచి అంకెలుగా మార్చి కంప్యూటరునకు అందించును. కంప్యూటరునకున్న మైకు రంధ్రములో గిటారు తీగను నేరుగా గ్రుచ్చుట మంచిది కాదు. ఇంటర్‌ఫేస్ కొనునపుడు దానిపై వాద్యమునకని ప్రత్యేకించిన ప్రవేశము, అనగా హై-జడ్ అని వ్రాసినది, కలదా లేదా చూచుకొనవలెను. దాని అవరోధము సుమారు పదిలక్షల ఓములుండును. అంతకు మిక్కిలి తక్కువైనచో పికప్ నుండి వచ్చు హెచ్చుస్థాయి స్వరములు మందగించి, గిటారుపై దుప్పటి కప్పినట్లుండును.

రెండవ మెట్టు ప్రవేశ ధ్వనిస్థాయి. గట్టిగా మీటినపుడు సాఫ్ట్‌వేరులోని కొలబద్ద గరిష్ఠ రేఖకు సుమారు 12 డెసిబెల్లులు క్రిందుగా నిలుచునట్లు ఇంటర్‌ఫేస్ మరను త్రిప్పవలెను. ఎఱ్ఱదీపము వెలుగరాదు. వాల్వు గరగర వినసొంపు కావచ్చును గాని, అంకెలు పొంగిపొరలినపుడు వచ్చు చిటపట ఎవరికిని ఇంపు కాదు. ఈ మెట్టు దాటివేసిన వారే పిమ్మట సాఫ్ట్‌వేరును నిందింతురు.

మూడవది కాలవిలంబము. తీగ మీటిన క్షణమునకును చెవికి వినవచ్చు క్షణమునకును నడుమ గడచు వ్యవధి ఇది. కంప్యూటరు ధ్వనిని సెకనుకు 48,000 మారులు కొలుచుననుకొనుడు. ఆ కొలతలను కొన్ని కొన్నిగా ప్రోగుచేసి లెక్కించును. ప్రోగునకు 1,024 కొలతలైనచో అవి ప్రోగగుటకే సుమారు 21 మిల్లీసెకనులు పట్టును. 128 అయినచో మూడు మిల్లీసెకనులకు లోపే. ధ్వని రాకకును పోకకును వేఱువేఱుగా ఆలస్యముండును గనుక మొత్తము ఇంకను పెరుగును. గాలిలో శబ్దము సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. అనగా 10 మిల్లీసెకనుల విలంబము ఆంప్లిఫయరునకు మూడు మీటర్లకు పైగా దూరమున నిలిచి వాయించుటతో సమానము, ఇది బాధింపదు. అంతకు ఎన్నో రెట్లయినచో తాళము జారిపోవును. కావున 128 లేక 256తో ప్రారంభించి, ధ్వని తెగిపోవుచున్నచో కొంచెము పెంచవలెను. విండోస్ కంప్యూటరున ఇంటర్‌ఫేస్ తయారుచేసినవారి ఏసియో డ్రైవరును వేసికొనవలెను. తీగలేని బ్లూటూత్ హెడ్‌ఫోనులు సాధారణముగా మిక్కిలి ఆలస్యము చేయును గనుక సాధనకు పనికిరావు.

నాల్గవది ధ్వని నడచు వరుస. మొదట శ్రుతి చూపు ట్యూనరు. పిదప స్వరమును గరుకుచేయు ఎఫెక్టు, తరువాత ఆంప్లిఫయరు, ఆపై స్పీకరు పెట్టె, చివర ప్రతిధ్వనియు మండపధ్వనియు. ఇది నియమము కాకపోయినను మంచి ఆరంభము. ఇందులో స్పీకరు పెట్టెను మఱచుట క్రొత్తవారి సామాన్యమైన తప్పు. గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్‌జులకు పైబడిన స్వరములను అంతగా పలికింపదు. ఆ వడపోత లేనిచో గరుకు స్వరము కందిరీగల తుట్టె రేగినట్లు వినబడును. సాఫ్ట్‌వేరులో క్యాబినెట్ అని యుండునది ఈ వడపోతయే. అది పనిచేయుచున్నదా యని తప్పక చూడవలెను.

ఇంతవఱకు యంత్రము సంగతి. ఇటుపైనిది మనసు సంగతి. సాఫ్ట్‌వేరు తెరచినవాని ఎదుట పదులకొలది ఆంప్లిఫయరులు, వందలకొలది సిద్ధధ్వనులు నిలుచును. వాడు ఒకదానిని నొక్కును, నాలుగు స్వరములు వాయించును, మఱియొకదానిని నొక్కును. రాత్రి గడచును, పాట రాదు. బీరువాలోని పుస్తకములన్నిటి అట్టలు చూచి ఒక్కటియు చదువక పోవువాడు గ్రంథాలయమునకు క్రొత్త కాడు. వానికిని వీనికిని భేదము లేదు. వెనుక పేదరికము ఎందఱి సాధననో ఆపెను. ఇపుడు సమృద్ధి ఆపునేమో యను భయము కలుగుచున్నది. ఏ అడ్డు తొలగుటకు ఈ సాధనము పుట్టెనో, ఆ అడ్డుగా ఇదియే మారరాదు.

కనుక ప్రారంభకుడు ఒక్క ఆంప్లిఫయరును, ఒక్క స్పీకరు పెట్టెను ఎన్నుకొని ఒక నెల వానితోనే యుండవలెను. గరుకును పెంచు గెయిన్ మరను తాను కోరినదానికన్న కొంత తక్కువ నుంచవలెను. గరుకు హెచ్చినకొలది వ్రేళ్ల తప్పులు మరుగుపడును, మెల్లగా మీటుటకును గట్టిగా మీటుటకును భేదము నశించును. నెల గడచిన పిదప ఎఫెక్టులను ఒక్కొక్కటిగా చేర్చి, అది యేమి మార్చెనో చెవితో పట్టుకొనవలెను. రెండు ధ్వనులను పోల్చునపుడు రెండింటి బిగ్గరతనమును సమానము చేయవలెను. ఏలయన గట్టిగా వినబడునది మంచిదిగా తోచుట చెవి స్వభావము. ఇతరులు కూర్చిన సిద్ధధ్వని తన గిటారుపై బాగుండకపోయిన నిరాశ పడరాదు. అది వేఱొకరి గిటారునకు, వేఱొకరి చేతికి కుదిర్చినది.

హెడ్‌ఫోను విషయమున ఒక హెచ్చరిక. ఇంటివారికి నిద్రాభంగము లేకున్నను సాధకుని చెవికి హాని కలుగవచ్చును. వారమునకు 40 గంటలు వినునపుడు 80 డెసిబెల్లులు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ధ్వని హెచ్చినకొలది కాలము తగ్గింపవలెను. పోయిన వినికిడిని ఏ సాఫ్ట్‌వేరును తిరిగి తేజాలదు.

తెలుగువారికి ఈ విషయమున ఒక ఉజ్జ్వలమైన దృష్టాంతము కలదు. 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లున పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ పాశ్చాత్యమైన మాండలిన్‌ను విద్యుత్ వాద్యముగా గైకొని, జంటతీగలకు మారుగా ఒంటితీగలు కట్టి, కర్ణాటక సంగీతమును పలికించెను. మాండలిన్ స్వరము మీటగానే అణగునది. దానిపై గమకము నిలుచుట కష్టము. విద్యుత్తు దానికి ఆయుర్దాయమిచ్చెను. 2014లో ఆయన దివంగతుడగు నాటికి దేశదేశముల శ్రోతలు ఆ నాదమును వినియుండిరి. అయినను ఆ గమకము యంత్రములో పుట్టలేదు. వ్రేళ్లలో పుట్టెను, యంత్రము దానిని వినిపించెను. గిటారు నేర్చువాడు నిత్యము స్మరింపవలసిన మాట ఇదియే.

కావున పల్లెలోని పిల్లవాడు తనకు పెద్ద యంత్రములు లేవని క్రుంగరాదు. చిన్న గదిలో, అర్ధరాత్రి, ఎవరికిని ఇబ్బంది లేకుండ సాధన చేయు వీలు నేడు కలిగినది. దొరికినది చాలునని మురిసి సాధన మానరాదు. పుస్తకము చేతికందించుట గ్రంథాలయము పని. చదువుట చదువరి పని. ధ్వని నందించుట కంప్యూటరు పని. వాయించుట వాద్యకారుని పని.

ఈ గ్రంథాలయము చదువరులతో కళకళలాడుచు స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక! ఆ సభలలో ఈ ఊరి బిడ్డలు గానము చేయుదురుగాక!

స్వస్తి.